కత్తితో గెలిచి కొడుకులతో ఓడి

మధ్యయుగపు రాజవంశాలను నడిపించే కంప్యూటర్ గేమ్ ‘క్రూసేడర్ కింగ్స్’లో యుద్ధం గెలవడం సులువే. గెలిచిన రాజ్యాన్ని ముక్కలు కాకుండా తరువాతి తరానికి అప్పగించడమే అసలు పరీక్ష. చరిత్రలో హేమాహేమీలైన రాజులే ఆ పరీక్ష తప్పారు.

రాజుగారికి అరవై ఏళ్లు. ముప్పై ఏళ్లపాటు యుద్ధాలు చేసి, పెళ్లిళ్లు కుదిర్చి, పైసా పైసా కూడబెట్టి ఐర్లండ్ మొత్తాన్ని, దాని పక్కనున్న స్కాట్లండ్‌లో సగానికి పైగా భూమిని ఒకే జెండా కిందికి తెచ్చాడు. ఖజానా నిండుగా ఉంది. సామంతులు అణిగిమణిగి ఉన్నారు. సరిహద్దు అవతలి నుంచి కన్నెత్తి చూసే ధైర్యం ఎవరికీ లేదు. ఒక రాత్రి ఆయన నిద్రలోనే కన్నుమూశాడు. మరుక్షణం తెర మీది మ్యాప్‌లో రంగులు మారిపోయాయి. పెద్ద కొడుక్కి ఐర్లండ్ కిరీటం దక్కింది. రెండోవాడు స్కాట్లండ్ రాజునంటూ వేరు కుంపటి పెట్టాడు. మూడోవాడికి ఐర్లండ్‌లోనే ఒక పెద్ద సంస్థానం ముట్టింది. ఎవరూ దండెత్తలేదు. ఎవరూ కుట్ర పన్నలేదు. అమలైందల్లా వారసత్వ చట్టమే.

ఈ ఆటను కొత్తగా మొదలుపెట్టిన ప్రతివారికీ ఏదో ఒక రూపంలో ఎదురయ్యే దెబ్బ ఇది. స్వీడన్‌లోని స్టాక్‌హోంకు చెందిన పారడాక్స్ సంస్థ దీన్ని తొలిసారి 2004లో విడుదల చేసింది. రెండో భాగం 2012లో, మూడో భాగం 2020లో వచ్చాయి. మూడో భాగంలో ఆటగాడు క్రీ.శ. 867లోనో, 1066లోనో ఏదో ఒక పాలకుడిని ఎంచుకుని మొదలుపెడతాడు (1178 అనే మరో ఆరంభం 2024లో చేరింది). 1453 దాకా ఆట సాగుతుంది. మిగతా యుద్ధ క్రీడలకూ దీనికీ ఉన్న తేడా ఒక్కటే. ఇందులో ఆటగాడు నడిపేది దేశాన్ని కాదు, వంశాన్ని. రాజు చనిపోతే ఆటగాడు ఆయన వారసుడి పాత్రలోకి మారతాడు. సింహాసనం మీద కూర్చోవడానికి వంశంలో ఎవరూ మిగలకపోతే ఆట ముగిసినట్టే. రాజ్యం ఎంత పెద్దదైనా లాభం లేదు.

పంపకాల లెక్క

ఆట ఆరంభంలో దాదాపు అన్ని రాజ్యాలకూ పంపకమే గతి. అందులోనూ తొలి రకం పంపకం మహా మొండిది. రాజు చేతిలో ఉన్న సంస్థానాలను కొడుకులందరికీ పంచడంతో అది ఆగదు. రాజు ప్రకటించుకోని రాజ్యాలను కూడా సృష్టించి మరీ పంచుతుంది. ఆటలో ఒక రాజ్యపు సాంప్రదాయిక భూభాగంలో సగానికి మించి చేతిలో ఉంటే ఆ రాజ్య బిరుదును సృష్టించవచ్చు. పైన చెప్పిన రాజు ఖర్చెందుకని స్కాట్లండ్ బిరుదు జోలికి పోలేదు. ఆయన పోగానే చట్టమే ఆ పని చేసి రెండో కొడుకు నెత్తిన కిరీటం పెట్టింది. ఇద్దరూ సమాన హోదా గల రాజులైనప్పుడు ఒకరి కింద ఒకరు ఉండరు కాబట్టి తమ్ముడు స్వతంత్రుడైపోయాడు.

కాలం గడిచి, సమాజం కొత్త పద్ధతులు నేర్చుకునే కొద్దీ చట్టం మెత్తబడుతుంది. రెండో రకం పంపకంలో కొత్త బిరుదులు పుట్టవు, ఉన్నవే పంచుతారు. మూడో రకంలో పెద్ద కొడుక్కి కనీసం సగం దక్కుతుంది. సర్వం జ్యేష్ఠుడికే చెందే పద్ధతి రావాలంటే మధ్యయుగపు చివరి దశకు చేరాలి. ఆటలో ఆ దశ 1200 కంటే ముందు తలుపు తీయదు. 867లో మొదలుపెట్టినవారు మూడు శతాబ్దాలకు పైగా, అంటే పది పన్నెండు తరాలపాటు, పంపకాలతోనే కాపురం చేయాలి. ఇదేమీ ఆట రూపకర్తల క్రౌర్యం కాదు. యూరప్‌లో చాలాచోట్ల జ్యేష్ఠ వారసత్వం స్థిరపడటానికి నిజంగానే అన్ని తరాలు పట్టింది.

నిన్నటి తండ్రి, నేటి అన్న

అసలు తిరకాసు రాజు మరణించాక మొదలవుతుంది. నిన్నటిదాకా ఆటగాడు తండ్రి. ముగ్గురు కొడుకులనూ ఒకే కంటితో చూశాడు. రెండోవాడికి మంచి గురువును పెట్టాడు, మూడోవాడికి పెద్దింటి సంబంధం చేశాడు. ఇవాళ అతనే పెద్ద కొడుకు. నిన్న తాను ముచ్చటపడి యుద్ధవిద్య నేర్పించిన కుర్రవాడే ఇవాళ ప్రమాదకరమైన తమ్ముడు. నిన్న కుదిర్చిన సంబంధమే ఇవాళ ఆ తమ్ముడికి మామగారి సైన్యమై నిలుస్తుంది. తండ్రి సింహాసనం మీద కొడుకులందరికీ హక్కు వాదన ఉంటుంది. సామంతులకు కావలసింది అదే. కొత్త రాజంటే వారికి గురి ఉండదు. పాత రాజుతో పెంచుకున్న సఖ్యత ఆయనతోనే పోతుంది. నచ్చని రాజును దించాలంటే అదే రక్తం పంచుకున్న మరొకరు చేతికి అందాలి. తమ్ముడు చాలు.

దానికి తోడు కొత్త రాజు సొంత భూములు కుంచించుకుపోయి ఉంటాయి. ఆదాయమూ సైన్యమూ ప్రధానంగా రాజు నేరుగా ఏలే కౌంటీల నుంచే వస్తాయి. తండ్రి చేతిలో ఆరు కౌంటీలుంటే కొడుక్కి మిగిలేవి రెండో మూడో. కిరీటం అదే, బలం సగం. ఈ స్థితిలో సామంతులు జట్టు కడితే తొలి అయిదేళ్లు గట్టెక్కడమే గగనం. 2023లో వచ్చిన అదనపు భాగం మరో చిక్కు తెచ్చింది. వారసుడు పసివాడైతే అతని పేరిట రాజప్రతినిధి పాలిస్తాడు. ఆ ప్రతినిధి పిల్లవాడి బాబాయి అయితే ఏమవుతుందో విడమరచి చెప్పనక్కర్లేదు.

చిట్కాలు, వాటి ఖరీదు

పంపకం తప్పించుకోవడానికి అనుభవజ్ఞుల దగ్గర చాలా ఉపాయాలున్నాయి. సామ్రాట్ బిరుదు సంపాదించడం మొదటిది. పెద్దవాడు సామ్రాట్టయితే రాజులైన తమ్ముళ్లు వేరుపడరు, అతని కిందే ఉంటారు. దూరపు భూములు గెలిచి చిన్న కొడుకులకు బతికుండగానే అప్పగించి, రాజధాని పరిసరాలను పెద్దవాడికి మిగల్చడం ఇంకొకటి. మూడోది ఎన్నిక. సామంతులు ఓటేసి వారసుడిని ఎంచుకునే పద్ధతి పెడితే ఆ బిరుదు పంపకం లెక్కలోకి రాదు. కానీ ఓటర్లను ఏళ్ల తరబడి మంచి చేసుకోవాలి. వాళ్లు అలిగితే కిరీటం మరో ఇంటికి పోతుంది.

ఇంతవరకూ రాజనీతే. ఆ తరువాత వచ్చే ఉపాయాలు వేరే జాతివి. చిన్న కొడుకును సన్యాసం పుచ్చుకొమ్మని ఒప్పించవచ్చు. సన్యాసికి వారసత్వం ఉండదు. వంశ పెద్దగా ఉన్నవాడు కొడుకుకు వారసత్వ హక్కు లేకుండా చేయవచ్చు. అందుకు వంశం తరతరాలుగా కూడబెట్టిన కీర్తిని ఖర్చు చేయాలి. ఒక కొడుకు పుట్టగానే సంతానం చాలని భార్యకు దూరంగా ఉండేవారున్నారు. అయితే ఆ ఒక్కడూ మశూచితో పోతే అంతా పోయినట్టే. చిన్నవాడిని ప్రమాదకరమైన యుద్ధాలకు సేనానిగా పంపి ఎదురుచూసేవారూ ఉన్నారు. చివరిది హత్య.

ఆట ఎవరి చేయీ పట్టుకుని ఆపదు. ఖరీదు మాత్రం వసూలు చేస్తుంది. కన్నబిడ్డను చంపించినట్టు బయటపడితే ‘బంధుహంతకుడు’ అన్న ముద్ర జీవితాంతం వెంటాడుతుంది. జాలిగుండె గల రాజు ఆ పని చేస్తే మనోవ్యథ పెరిగి తాగుడుకు బానిసవుతాడు, లేదా మతి చలిస్తుంది. వ్యథ మరీ ముదిరితే ప్రాణమే పోవచ్చు. ఈ లెక్కలన్నిటికీ అందని మూల్యం ఇంకొకటి ఉంది. అది తెరకు ఇవతల కూర్చున్న మనిషి చెల్లించేది. మూడో కొడుకు పుట్టాడన్న వార్త చూసి విసుక్కోవడం, వాడు జ్వరంతో పోయాడని తెలిసి ఊపిరి పీల్చుకోవడం ఈ ఆట ఆడేవారికి మామూలే. నిజ జీవితంలో పిల్లల్ని ప్రాణంగా చూసుకునేవాళ్లే అక్కడ అలా మారతారు. వారిని అలా మార్చింది దుర్బుద్ధి కాదు, ఒక నిబంధన. రాజుల క్రూరత్వాన్ని వారి స్వభావానికి అంటగట్టే చరిత్ర పాఠాల కంటే ఈ ఆట మెరుగ్గా చెప్పే సంగతి ఇదే.

చరిత్ర రాసిన నిబంధనలు

867 నాటి యూరప్ మ్యాప్ తెరిస్తే ఒకే ఇంటివాళ్లు నాలుగుచోట్ల రాజులై కనిపిస్తారు. పశ్చిమ ఫ్రాంకియాలో చార్లెస్, తూర్పు ఫ్రాంకియాలో ఆయన అన్న లూయీ, మధ్యలోని లోథారింగియాలో, ఇటలీలో వారి అన్న కొడుకులు. అందరూ షార్లమేన్ వారసులే. షార్లమేన్ కొడుకు ‘భక్త’ లూయీ సామ్రాజ్యాన్ని పెద్దవాడి చేతికి ఒక్కటిగా ఇవ్వాలని 817లోనే ఏర్పాటు చేశాడు. తరువాత రెండో భార్యకు ఇంకో కొడుకు పుట్టాడు. వాటాల కోసం పెద్దకొడుకులు తండ్రి మీదే తిరగబడ్డారు. 840లో ఆయన పోయాక మూడేళ్లు అన్నదమ్ములు కొట్టుకుని 843లో వెర్డన్ ఒప్పందంతో మూడు ముక్కలు చేసుకున్నారు. ఆ ముక్కల్లో రెండు క్రమంగా ఫ్రాన్స్‌గా, జర్మనీగా రూపుదిద్దుకున్నాయి. మధ్య ముక్కలోని భూముల కోసం ఆ రెండు దేశాలూ ఇరవయ్యో శతాబ్దం దాకా నెత్తురు పారించాయి.

1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం 1087లో కన్నుమూస్తూ పెద్ద కొడుకు రాబర్ట్‌కు నార్మండీని, రెండోవాడు విలియం రూఫస్‌కు ఇంగ్లండ్‌ను, చిన్నవాడు హెన్రీకి కేవలం డబ్బును మిగిల్చాడు. డబ్బుతో సరిపెట్టుకోవలసి వచ్చినవాడే చివరికి అంతా మింగాడు. రూఫస్ 1100లో వేటలో బాణం తగిలి చనిపోగానే హెన్రీ ఇంగ్లండ్ గద్దె ఎక్కాడు. 1106లో టిన్‌షెబ్రే యుద్ధంలో అన్న రాబర్ట్‌ను పట్టి, బతికినంతకాలం చెరలో ఉంచాడు.

ఫ్రాన్స్‌లోని కపే వంశం మరో దారి పట్టింది. కొడుకుకు తండ్రి బతికుండగానే పట్టాభిషేకం చేయడం వారి ఆనవాయితీ. 987 నుంచి 1316 దాకా గద్దె మీదున్న ప్రతి రాజుకూ కొడుకు మిగలడం వారి అదృష్టం. వారసుడెవరన్న ప్రశ్నే రానంత కాలం రాజ్యం కుదుటపడుతూ పోయింది. 1179 తరువాత ముందస్తు పట్టాభిషేకాల అవసరమే వారికి కనిపించలేదు.

వేంగి తగువులు

ఆట మ్యాప్ ఐర్లండ్ దగ్గర ఆగదు. రెండో భాగానికి 2014లో వచ్చిన ‘రాజాస్ ఆఫ్ ఇండియా’తో భారతదేశం అందులో చేరింది. మూడో భాగంలో మొదటినుంచీ ఉంది. ఇక్కడి చరిత్రకు ఈ ఆట నియమాలు అతికినట్టు సరిపోతాయి. రెండో పులకేశి ఏడో శతాబ్దంలో వేంగిని గెలిచి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడిని అక్కడ పాలకుడిగా ఉంచాడు. దూరపు భూమి తమ్ముడికి ఇవ్వడమన్న ఉపాయమే ఇది. ఆ కొమ్మ వేరుపడి తూర్పు చాళుక్య వంశమై దాదాపు నాలుగున్నర శతాబ్దాలు నిలిచింది. పదో శతాబ్దంలో ఆ ఇంట్లోనే అన్నదమ్ముల, దాయాదుల తగువులు ఎంత ముదిరాయంటే బేత విజయాదిత్యుడి పాలన పదిహేను రోజులని, తాడపుడి పాలన ఒక నెల అని శాసనాలు లెక్క చెబుతాయి.

నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడు 1061లో పోయాక వేంగి పినతండ్రి విజయాదిత్యుడి చేతిలో ఉంది. నరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు దక్షిణానికి చూశాడు. అతని తల్లి అమ్మంగదేవి చోళ చక్రవర్తి మొదటి రాజేంద్రుడి కూతురు. 1070లో చోళ రాజు అధిరాజేంద్రుడు అల్లర్లలో హతుడయ్యాక ఈ దౌహిత్రుడే కులోత్తుంగ చోళుడై చోళ సింహాసనాన్ని అందుకున్నాడు. చరిత్ర ఆయనను చోళుడిగానే లెక్కిస్తుంది. ఆట అలా ఒప్పుకోదు. దాని లెక్కలో పిల్లలది తండ్రి వంశమే, కనుక చోళ వంశం పక్షాన ఆడుతున్నవారి ఆట 1070లో ముగిసిపోయేది.

దానికి ఆటలో ఉన్న విరుగుడు తెలుగువారికి కొత్త కాదు. కూతురి పిల్లలు తల్లి వంశానికే చెందేలా పెళ్లి కుదర్చవచ్చు. మన మాటల్లో ఇల్లరికం. కాకతీయ గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమదేవి రుద్రదేవ మహారాజు పేరిట శాసనాలు వేయించి ఏలింది. ఆమె తరువాత గద్దె ఎక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురి కొడుకు. వరుసగా రెండుసార్లు ఆడపిల్లల మీదుగా సాగినా వంశనామం కాకతీయే. అయితే అది తేలిగ్గా సాగలేదు. కాయస్థ అంబదేవుడు తిరగబడ్డాడు. రుద్రమ మరణించినట్టు చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. ఆమెతో పాటు సేనాని మల్లికార్జున నాయకుడూ మరణించాడని అది చెబుతోంది.

మితాక్షర పుట్టిన కొలువు

అన్నిటికంటే విచిత్రమైనది కల్యాణి ఉదంతం. పశ్చిమ చాళుక్య రాజు మొదటి సోమేశ్వరుడు 1068లో మరణించాడు. పెద్ద కొడుకు రెండో సోమేశ్వరుడు రాజయ్యాడు. తమ్ముడు విక్రమాదిత్యుడు 1076లో అన్నను గద్దె దించి, తన పేరిట కొత్త శకమే మొదలుపెట్టి, యాభై ఏళ్లు ఏలాడు. కాశ్మీరం నుంచి వచ్చిన ఆస్థాన కవి బిల్హణుడు ఆయన చరిత్రను కావ్యంగా రాశాడు. అందులో తప్పంతా అన్నదే. 2024లో ఈ ఆటలో రాజుకు ఎంత సాధికారత ఉందో కొలిచే పద్ధతిని, వంశం గురించి వీరగాథలు ప్రచారం చేయించుకునే వీలును చేర్చారు. బిల్హణుడి ఉద్యోగం అదే.

అదే విక్రమాదిత్యుడి కొలువులో విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. పూర్వీకుల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుందని, తండ్రి ఇష్టారాజ్యం చెల్లదని చెప్పిన గ్రంథమది. బెంగాల్, అస్సాం మినహా దేశంలో చాలా భాగం హిందూ కుటుంబాల పంపకాలకు శతాబ్దాలపాటు అదే ఆధారం. అన్నదమ్ముల వాటాల ధర్మశాస్త్రం, అన్న వాటా మొత్తాన్నీ లాక్కున్న తమ్ముడి నీడలో పుట్టిందన్నమాట. ఇందులో వైరుధ్యం కంటే వివేకమే ఎక్కువ. పొలం పంచవచ్చు, సింహాసనం పంచితే ముక్కలవుతుంది. ఆస్తికి ఒక న్యాయం, అధికారానికి మరో న్యాయం కావాలి.

రెండింటినీ కలిపేసిన చోటల్లా చిక్కులే. ఆంగ్లేయుల కాలంలో తెలుగు జమీందారీల్లో అనేకం అవిభాజ్య ఎస్టేట్లు. పెద్దవాడికి ఎస్టేటు, తమ్ముళ్లకు మనోవర్తి. మద్రాసు ప్రభుత్వం 1904లో దానికి చట్టమే చేసింది. ఆడపిల్లలకు వాటా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం తెచ్చింది. 2005 సవరణతో అది దేశమంతటికీ వర్తించింది.

అంతా ఒక్కరికే ఇస్తే?

జ్యేష్ఠ వారసత్వం దొరికిన రోజు ఆటగాళ్లకు పండగ. అయితే అది కూడా శాంతిమంత్రం కాదు. పై చెప్పిన హెన్రీకి సక్రమ సంతానంలో ఒక్కడే కొడుకు. 1120లో ఇంగ్లిష్ ఛానల్‌లో ‘వైట్ షిప్’ మునిగి అతను చనిపోయాడు. కూతురు మెటిల్డాను వారసురాలిగా ఒప్పుకుంటామని ప్రభువుల చేత హెన్రీ ప్రమాణం చేయించాడు. 1135లో ఆయన కళ్లు మూయగానే మేనల్లుడు స్టీఫెన్ గద్దె ఎక్కాడు. 1153లో రాజీ కుదిరేదాకా దేశం అంతర్యుద్ధంలో నలిగింది. ఒక్కరికే అన్నీ అంటే, ఆ ఒక్కరి ప్రాణం మీదే అన్నీ ఆధారపడినట్టు. ఆట ముగిసే 1453లోనే కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన ఒట్టోమన్ సుల్తాన్ రెండో మెహమెద్ ఇంకో పరిష్కారం చూపాడు. గద్దె ఎక్కినవాడు సోదరులను చంపించడాన్ని చట్టసమ్మతం చేశాడు. 1595లో మూడో మెహమెద్ పంతొమ్మిది మంది సోదరులను ఆ చట్టం పేరిటే చంపించాడు. రాజ్యం ముక్కలు కాలేదు. ఆ మూల్యానికి నిలిచిన రాజ్యాన్ని విజయమనాలో కాదో ఎవరికి వారే తేల్చుకోవాలి.

వందల గంటలు ఆడినా తేలేది ఒకటే. పంచితే రాజ్యం బలి, పంచకపోతే తమ్ముళ్లు బలి. రాజ్యం ఒక ఇంటి ఆస్తిగా ఉన్నంతకాలం మూడో దారి లేదు. తెలివైన తండ్రి ఆ గండాన్ని ఒక తరంపాటు వాయిదా వేయగలడు, అంతే. పదవి ఇంటి సొత్తు కాదని ఒప్పుకున్న వ్యవస్థలే దాన్ని దాటాయి. ఆ ఒప్పుకోలు ఈ ఆటలో ఏ బటన్ నొక్కినా రాదు.

దక్షిణాసియా రాజ్యాంగాలు దాన్ని రాసుకున్నాయి. కానీ ఈ ప్రాంతంలోని పెద్ద పార్టీల్లో చాలావాటికి అది ఇంకా చేరలేదు. ఇంటి పొలానికి వారసత్వ చట్టం ఉంది, కోర్టు ఉంది. కుటుంబ పార్టీకి రెండూ లేవు. అందుకే నాయకుడి వయసు పైబడే కొద్దీ కార్యకర్తల చూపు నాయకుడిని దాటి ఆయన కొడుకుల మీదికి, కూతుళ్ల మీదికి, అల్లుళ్ల మీదికి, మేనల్లుళ్ల మీదికి పోతుంది. మధ్యయుగపు సామంతుల చూపు కూడా సరిగ్గా అటే ఉండేది.